పురుగు తొలిచిన వరస

మధ్యయుగ సాహిత్య శాఖ, ఆచార్యుడి గది. బల్లకు ఇవతల నిలబడి ఉన్నది అదే శాఖలో రాతప్రతుల గది చూసే అటెండరు.

"నలభై తొమ్మిది సార్. పాసవ్వాలంటే యాభై."

"చూశాను. కూర్చో."

"వద్దు సార్. పరిశోధనలో చేరాలంటే ఎం.ఏ. ఉండాలన్నారు, ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. రెండు సిఫారసు ఉత్తరాలన్నారు, తెచ్చాను. మిగిలింది ఈ ప్రవేశ పరీక్షొక్కటే."

"వచ్చే ఏడు మళ్ళీ రాయి."

"వచ్చే ఏటికి నలభై దాటతాయి. వయసు నిబంధన పెట్టింది మీరే కదా సార్."

"కమిటీ పెట్టింది."

"ఆ కమిటీకి టీలిచ్చింది నేనే సార్. ఎవరు చెప్తే ఎవరు రాశారో విన్నాను."

"సరే. ఇప్పుడేమంటావు?"

"మూడో ప్రశ్న. పాత కావ్యంలోంచి ఐదు విడి కాగితాలిచ్చి వరసలో పెట్టమన్నారు. నాకు సున్నా వేశారు."

"మూడూ నాలుగూ తారుమారు చేశావు. నా పుస్తకంలో వరస ఉందిగా. పిల్లలందరూ అలాగే రాశారు."

"పిల్లలు పుస్తకం చూసి రాశారు. నేను కాగితాలు చూసి రాశాను. పురుగు కట్ట పైనుంచి కిందికి తొలిచింది సార్. రంధ్రం ఒక్కో కాగితానికీ సన్నబడుతూ పోవాలి. మీ వరసలో సన్నబడి, మళ్ళీ లావై, మళ్ళీ సన్నబడింది."

"అయితే?"

"పురుగు మీ పుస్తకం చదవలేదు సార్."

"వెటకారమా?"

"కాదు సార్. కథైనా చూడండి. మీ వరసలో ఆ ఇల్లాలు ముందు మొగుణ్ణి క్షమిస్తుంది, తర్వాత అతని నేరం బయటపడుతుంది. ఆవిడ మనసు ఎంత గొప్పదో అని మీరు ఒక అధ్యాయమే రాశారు."

"ఆ అధ్యాయం వల్లే నాకీ కుర్చీ వచ్చింది."

"తెలుసు సార్. అందుకే ఇన్నాళ్ళూ..."

"ఇన్నాళ్ళూ?"

"తలుపు వెయ్యనా సార్?"

"వేసే ఉంది. చెప్పు."

"తప్పు మీది కాదు. నేను చేరిన వారంలో ఆ కట్ట చేజారింది. ఉద్యోగం ఊడుతుందని భయమేసి, తోచినట్టు సర్ది కట్టేశాను. మర్నాడు మీరొచ్చి అడిగితే అదే మీ చేతికిచ్చాను. పన్నెండేళ్ళు. ఇప్పుడు రాసిస్తాను సార్, సంతకం పెట్టి. నా మీద వేసి పుస్తకం దిద్దుకోండి. నా మార్కులు నాకివ్వండి."

"ఉద్యోగం పోతుంది నీకు."

"పోతే పోయింది. చదువుకుంటాను."





"ఆ రంధ్రాలు నేనూ చూశాను. పుస్తకం అచ్చయిన ఏడాదికే."

"చూశారా? మరి తెలిసి తెలిసి ఆ ప్రశ్న ఎందుకిచ్చారు సార్?"

"నీ దరఖాస్తు వచ్చాక ఇచ్చాను. నువ్వూ చూశావో లేదో తెలియాలిగా."