నిప్పుకు వలేసిన కూర్మయ్య

భావనపాడు రేవు పక్కన దేముడమ్మ టీ బడ్డీకి ఆ సాయంత్రం కూర్మయ్య వచ్చింది కోతలు కోయడానికి కాదు. పోయిన వారం మంటల్లో అతని పూరింటి కప్పు పోయింది, మట్టిగోడలే మిగిలాయి. ఇప్పుడేమో ఫొని తుఫాను వస్తోందని టీవీలో ఒకటే మోత. కప్పులేని గోడల మీద గట్టి వాన పడితే ఆ గోడలు కూడా కరిగిపోతాయి. "నలుగురిని సాయం అడుగు. అడక్కుండా ఇంటికి రాకు" అని పెళ్ళాం బుల్లమ్మ వీధి చివరిదాకా వచ్చి మరీ సాగనంపింది.

చేపల వేట నిషేధం రోజులు కాబట్టి మగాళ్ళంతా బల్ల మీదే ఉన్నారు. అడుగుదామని కూర్మయ్య నోరు తెరిచాడు పాపం. తెరిచిన నోటికి అలవాటు ఒకటే.

"ఆ మంట వాసన ఊరందరికన్నా ముందు పట్టింది నానేరా" అన్నాడు.

అంతవరకు ఎవరూ కాదనలేదు.

"తిత్లీ తుఫాను పడగొట్టిన జీడిచెట్లు తోటల్లో అలగే ఎండిపోయున్నాయి కదా, ఎవడో చెత్త తగలబెట్టి ఒగ్గేసినాడు, పడమటిగాలి అందుకున్నాది. నాను వల బాగు సేసుకుంటన్నాను. జీడిపొగ ముక్కుకి తగిలింది. బేగి ఫోను కొట్టినాను, ఫైరింజను బయల్దేరింది. ఆ తర్వాత ఏటైందో తెలుసా?"

"ఏటైంది బావా?" అన్నాడు నరసింగరావు. కూర్మయ్యకు తాళం వెయ్యడంలో అతనికి సాటి లేదు.

"ఇసకలో కూరుకుపోయింది. బండినిండా నీళ్ళు, సక్రాలు కనబడవు. ఎనకనించి భుజం పెట్టి ఒక్క ఎత్తు ఎత్తినాను, గట్టెక్కేసింది."

"నువ్వొక్కడివేనా?"

"డ్రైవరు కూడా ఉన్నాడురా, కాకపోతే బండి లోపలున్నాడు."

"ఇంజను మా బడ్డీ కాడే ఆగింది, నువ్వు కనబడనేదు మావా" అంది దేముడమ్మ టీ వడకడుతూ.

"బండి కిందున్నోడు ఎలగ కనబడతాడే?"

అందరూ నవ్వారు. కూర్మయ్యకు మాత్రం లోపల కప్పు మాట గుచ్చుతూనే ఉంది. ఇంజను ఎత్తినవాడు తాటాకు ఎత్తడానికి సాయం రమ్మని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? ఇంకొంచెం చెప్పి, మాట నెమ్మదిగా ఇంటివైపు తిప్పుదామనుకున్నాడు. మాట తిరగలేదు, సముద్రం వైపు పోయింది.

"ఇంజనులో నీళ్ళయిపోయినాయి, మంట ఆరనేదు. తాటిసెట్టంత లేచింది. అప్పుడు తోసింది నాకు. సేపకైనా నిప్పుకైనా ముందుకెల్లే బుద్ధే కదా, ఎదర వలేస్తే సరి. పెద్దవల సముద్రంలో ముంచి తడితడిగా ఇసిరినాను. మంట మొత్తం వల్లో పడింది."

"వల కాలిపోనేదా?"

"తడి వలని సెప్తన్నాను కాదేటి. లాగినాను. సొరసేప కూడా అంత గింజుకోదు. మోకాళ్ళదాకా ఇసకలో దిగిపోయినాను, అయినా ఒగ్గనేదు, ఈడ్సుకెల్లి సముద్రంలో ముంచేసినాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? సముద్రం సలసలా మరిగిపోయింది. సందువ సేపలు ఉడికి పైకి తేలిపోయినాయి. ఉప్పు ఎలాగూ ఉన్నాదే, బుల్లమ్మ సింతపండు పిసికి తెచ్చి అలల్లో పోసినాది. పులుసంటే పులుసా అది."

"మాకు గరిటెడైనా అందనేదేటి?" అన్నాడు నరసింగరావు.

"మీరంతా మంటకి జడిసి తుఫాను షెల్టర్లో దూరిపోయి తలుపులేసుకున్నారు. పిలిసినాను, పలికితేనా?"

తూర్పున మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. గాలికి బడ్డీ మీది టార్పాలిన్ కొట్టుకుంది. కూర్మయ్య అటు చూశాడు. భయం వేసింది అతనికి, బుల్లమ్మ మొహం కళ్ళముందు ఆడింది. నోరు మాత్రం తన దారిన తను పోయింది.

"మరి ఆ మరిగిన ఆవిరి ఎక్కడికెల్లిందనుకున్నారు? పైకెల్లి, సుడి తిరిగి తిరిగి, ఇప్పుడు ఫొని అంటన్నారే, అదే ఇది. టీవీవోల్లకి తెల్దు ఈ సంగతి. నా మీద పగబట్టి వత్తన్నాది. రానీ. దానికీ ఓ వలేత్తాను."

బల్ల చివర కూర్చున్న దాలయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. కూర్మయ్య ఇంటి వెనకిల్లు అతనిది. పగలంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ.

"తుఫానుకి తర్వాత వలేద్దువు గాని మావా. ముందు నీ ఇంటికి కప్పెయ్యాల."

"అదా" అన్నాడు కూర్మయ్య, తడబడుతూ. "ఈ ఎండలకి గాలాడక, నానే తీసేసినాను."

"నువ్వే తీసేసినావు. నాను సూసినాను" అన్నాడు దాలయ్య. "అందరూ షెల్టరుకి పరిగెట్టినాక మా యమ్మని ఎత్తుకెల్దామని ఎనక్కొచ్చినాను. నిప్పు వీధి మొగదలకి వచ్చేసింది, మొదటిల్లు నీదే. నువ్వు నిచ్చెనెక్కి నీ కప్పు నువ్వే పీకి అవతల పారేత్తన్నావు. ఏడుసుకుంటా పీకినావు. వలా నేదు, పులుసూ నేదు. నీ గోడకాడికొచ్చేసరికి కాలడానికేటీ నేక మంట ఆగిపోయింది. ఎనకున్న వీధంతా మిగిలింది, మా యిల్లు మిగిలింది."

నరసింగరావు ఇల్లు కూడా ఆ వీధిలోదే. అబద్ధం దొరికిపోయినప్పుడల్లా మీసం దువ్వుకునే కూర్మయ్య, నిజం దొరికిపోయేసరికి సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"నువ్వు ఒక్కసారి అడుగుతావని కాసుకునున్నాను" అన్నాడు దాలయ్య. "తాటాకు కొట్టించి మా పెరట్లో ఉంచినాను. నువ్వేమో సముద్రాలు ఉడికిత్తన్నావు. అడుగు మావా."

దేముడమ్మ పొయ్యి కట్టేసింది. నరసింగరావు లుంగీ ఎగ్గట్టుకుని లేచి నిలబడ్డాడు.

కూర్మయ్య నోరు తెరిచాడు. మీసం మీదికి పోయిన చెయ్యి దించేశాడు.

"సాయం రండర్రా" అన్నాడు.

అంత చిన్న మాట అతని నోట ఆ ఊళ్ళో అదివరకు ఎవరూ వినలేదు.