మిషను తీశాక మాటలు

ఇండోనేషియాలోని మకస్సర్ నగరంలో ఒక అద్దెయింటి పెరటి అరుగు. ఐదేళ్ల ఆర్నికి తలంటు పూర్తయింది. తల్లి దామరిస్ తువ్వాలుతో దాని జుట్టు తుడుస్తోంది. తొరాజా కొండల నుంచి వచ్చిన అమ్మమ్మ ఎదురుగా కూర్చుని ఉంది, పాపం, నోరు విప్పే వేళ కోసం.

“దాని చెవి మిషను తీసేశావా?”

“తీశానమ్మా. లోపల డబ్బాలో పెట్టాను. ఇంక మాట్లాడు.”

“సరిగ్గా చూశావా? మళ్ళీ నా మీద పడకు.”

“తల తడిగా ఉంటే పెట్టనుగా. ఇప్పుడు దానికేం వినపడదు. చెప్పు.”

“రేపు పొద్దున బస్సుకి వెళ్ళిపోతున్నానే.”

“ఎక్కడికి?”

“ఎక్కడికేమిటి, మనూరికి. సంచీ సర్దేసుకున్నాను.”

“ఉన్నట్టుండి ఏమొచ్చిందమ్మా? కాఫీ కోతలు కూడా అయిపోయాయిగా.”

“కోతల కోసం కాదు.”

“మరి?”

“మాట్లాడ్డానికి.”

“అమ్మా, అదేం మాట...”

“అక్కడ మన దున్నపోతు కూడా నా గొంతు వింటే తల తిప్పుతుంది. ఇక్కడ నా మనవరాలికి నా గొంతే తెలీదు. రెండేళ్ళయింది! చెవి ఆపరేషనయ్యాక ఆ డాక్టరు ఏమన్నాడు? ఇంట్లో ఒక్కటే భాష వినపడాలి, రెండు వింటే పిల్లకి ఏదీ రాదు అన్నాడా లేదా?”

“అన్నాడు.”

“మీ ఇండోనేషియా మాట నాకు రాదు. వచ్చిన నాలుగు ముక్కలూ వంకరే, అవీ పలకొద్దన్నావు. మన తొరాజా మాట దాని చెవిన పడకూడదన్నావు. సరేనన్నానా లేదా?”

“అన్నావు.”

“నిరుడు అది కుతకుతలాడే గిన్నె మీద చెయ్యి వెయ్యబోయింది. ‘ఆగవే’ అందామని నోరు తెరిచానో లేదో, నువ్వొచ్చి నా నోరు నొక్కేశావు. పిల్ల చెయ్యి కాలితే ఏమయ్యేదే?”

“తప్పేనమ్మా.”

“తప్పని కాదు. దానికి మాట రావాలని నీ ఆరాటం, నాకు తెలీదా? మాటలొచ్చాయిగా, పొద్దస్తమానం వాగుతూనే ఉంటుంది, వింటుంటే నా కడుపు నిండిపోతుంది. కానీ నా మొహంలోకి చూసి ఏదో అడుగుతుంది చూడు, అప్పుడు నేను ఇంత నవ్వు నవ్వి చేతులూపుతాను. అంతే. ఇంక నా వల్ల కాదే. ఏడుపొస్తోంది.”

“మిషను తీసినప్పుడల్లా దాని చెవి దగ్గర కూర్చుని పాడతావు. నేను చూశాను.”

“వినపడదనే పాడాను. వినపడితే కదా తప్పు.”

“అమ్మా...”

“ఏడవకు. పిల్ల చూస్తోంది.”

“నీకో మాట చెప్పాలి.”

“చెప్పు.”

“ఏం లేదు. తర్వాత చెప్తాలే.”

“రేపు నేనుండను. ఇప్పుడే చెప్పు.”

“మాటలు నేర్పడానికి కొత్త టీచరమ్మ వచ్చింది కదా... ఇంట్లో పిల్లతో ఎవరెవరు మాట్లాడతారని అడిగింది. నీ సంగతి చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది.”

“ఎందుకు?”

“రెండు భాషలైనా నేర్చుకుంటారట. ప్రేమగా మాట్లాడేవాళ్ళు ఎంతమందుంటే అంత మంచిదట. డాక్టరు చెప్పింది పాతకాలం మాటట.”

“అంటే... నేను మాట్లాడొచ్చా?”

“మొదటి రోజు నుంచీ మాట్లాడొచ్చటమ్మా.”

“ఎప్పుడు చెప్పిందావిడ?”

“మొన్న.”

“మొన్నంటే?”

“ఈస్టరుకి ముందు.”

“ఈస్టరుకి ముందా! వానలు కూడా వెళ్ళిపోయాయి కదే!”

“ఏ మొహం పెట్టుకుని చెప్పనమ్మా? నీ నోరు కట్టేసింది నేను. అదంతా ఉత్తపుణ్యానికని ఎలా చెప్పను? రోజూ చెప్పేద్దామనుకుంటాను, నిన్ను చూడగానే నోరు పెగలదు.”

“నోరు పెగలకపోవడం గురించి నాకు చెప్తున్నావా?”

“కొట్టమ్మా. నన్ను కొట్టు.”

“కొడితే ఏం తిరిగొస్తుంది? దాని జుట్టు ఆరిందా?”

“ఆరింది.”

“వెళ్ళి ఆ మిషను తీసుకురా. పెట్టు.”

“ఇదిగో... పెట్టేశాను. వినపడుతోంది దానికి. మాట్లాడమ్మా.”

“ఏం మాట్లాడను? ఒక్క ముక్కా రావడం లేదే... ఆర్నీ. ఓ ఆర్నీ. నా తల్లీ, నేనే, అమ్మమ్మని... ఇదేంటే, ఇలా బిత్తరపోయి చూస్తోంది? ఉండవే, ఉండు, నా జుట్టెందుకు పైకెత్తుతావు? చెవుల వెనక ఏం వెతుకుతోందే ఇది? నిన్నేదో అడుగుతోంది. ఏమంటోంది?”

“ఏం లేదమ్మా.”

“దామరిస్. ఏమంటోంది?”

“‘అమ్మమ్మకీ నాలాగే చెవుడు కదా, ఇవాళ మాటలొచ్చేశాయి! మరి తన మిషను ఏదీ?’ అని అడుగుతోందమ్మా.”