తప్పిపోయినాయన మీసం

మిట్టమధ్యాహ్నం. వంటగదిని ఆనుకున్న చిన్న గదిలో కిటికీలు మూసి, తలుపుకి గడియ పెట్టి ఉంది. లోపల మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ ఉన్నారు. మొగుడున్న సంగతి మాత్రం వీధిలో ఎవరికీ తెలియదు.

“మెల్లగా మాట్లాడండి! పక్కింటావిడవి పాము చెవులు.”

“నా ఇంట్లో నేను మాట్లాడకూడదా?”

“మీరు ఇంట్లో లేరు. తప్పిపోయారు. తప్పిపోయిన మనిషి ఇంట్లోంచి దగ్గితే వినేవాళ్ళేమనుకుంటారు?”

“తెల్లారి తలుపు కొడితే ‘వచ్చారా’ అనలేదు నువ్వు. ‘ఇవాళెందుకొచ్చారు’ అన్నావు.”

“మరేమనాలి? పది రోజులు ఆచూకీ లేని మనిషి, సరిగ్గా టీవీవాళ్ళొచ్చే రోజు చూసుకుని రావాలా? రేపొస్తే ఏం కొంప మునిగేది? ఊరందరికీ చెప్పుకున్నాను. మా అక్క చీర పంపింది. మీ అక్కయితే టీవీ ముందు జంబుఖానా పరిచి చుట్టుపక్కలవాళ్ళని పిలిచిందట.”

“నేను తప్పిపోయినందుకు జంబుఖానాలా!”

“ఇంతకీ ఎందుకొచ్చారు ఇవాళ?”

“నువ్వు నాకోసం టీవీలో ఏడుస్తావని చెప్పారు. దగ్గర్నుంచి చూద్దామని వచ్చా.”

“అయితే చూద్దురుగాని, నోరు మూసుకుని. ఇదిగో, ఈ ఎర్రపట్టు కట్టనా, మా అక్క పంపిన నీలం కట్టనా?”

“మొగుడు కనపడని ఆడదానికి పట్టుచీరేమిటే?”

“కనపడనిది మీరు. నా పట్టుచీర పెట్టెలోనే ఉంది.”

“ఆ బూడిదరంగు నూలుచీర కట్టుకో. చూడగానే జాలేస్తుంది.”

“అది కట్టుకుంటే ‘అందుకే వెళ్ళిపోయాడు’ అంటారు.”

“పట్టు కట్టుకుంటే ‘వాడు లేకపోతే ఈవిడకేం, నిక్షేపంలా ఉంది’ అంటారు.”

“అయితే మధ్యరకంది ఏదో మీరే చెప్పండి. రంగులేసే మేస్త్రీ కదా. ఊళ్ళో సగం గోడల మీద మీ చెయ్యి పడిందేగా.”

“గోడలు వేరు. గోడ ఎదురు మాట్లాడదు.”

“అబ్బ, చెప్పండీ!”

“మన ముందుగది గోడ నీలం. నీలం చీర కట్టావంటే గోడలో కలిసిపోతావు. తల ఒక్కటే గాల్లో వేలాడుతుంది. వెనకటికి ఒక ఆఫీసులో గోడలకి ఆకుపచ్చ వేశాను. మర్నాడు అక్కడి గుమాస్తా ఆకుపచ్చ చొక్కా తొడుక్కొచ్చాడు. ఖాళీ కుర్చీ అనుకుని పెద్దాఫీసరు పోయి ఆయన ఒళ్ళో కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఇద్దరికీ తెలీలేదు.”

“ఆయనకి బరువనిపించలేదా?”

“పనెక్కువై అలా ఉందనుకున్నాడు.”

“మీ కోతలు తర్వాత. పోనీ ఎరుపు?”

“కెమెరాలో ఎరుపు మండిపోతుంది. ముఖం కనపడదు, మంటే కనపడుతుంది. అదిగో, అడుగున ఉంది చూడు, గోధుమరంగుది, సన్నంచుది. అది తియ్యి.”

“ఇదెక్కడిది? ఎప్పుడూ చూడలేదే.”

“నేను తెచ్చిందే. రెండేళ్ళయింది.”

“...ఓహో. బాగానే ఉంది. నాకు చెప్పొద్దూ?”

“నీ చేతికే ఇచ్చాను. సరే, ముఖం ఇటు తిప్పు. అయ్యయ్యో, పౌడరు అలా కొట్టుకుంటారటే? కింద తడి ఆరకుండా పైకోటు వేస్తే రేపటికి పెచ్చులూడుతుంది. తుడిచెయ్యి. మళ్ళీ మొదటినుంచీ రావాలి. కళ్ళ కింద పల్లాలున్నాయి, అక్కడ ముందు లప్పం పెట్టాలి.”

“నా ముఖానికి లప్పమా!”

“క్రీమేలే. పెళ్ళాం ముఖం మీద లప్పం బద్ద వాడతానా? కదలకు. పైనుంచి కిందికి, చెయ్యి ఒక్కటే వాటంగా నడవాలి.”

“ఆ పల్లాలు పూడ్చకండి. ఏడ్చి ఏడ్చి పడ్డాయనుకుంటారు.”

“ఏడ్చావా?”

“కాటుక ఎంత పెట్టుకోమంటారు?”

“ఏడ్చావా అని అడుగుతున్నా.”

“కాటుక కారాలటండీ. టీవీ అబ్బాయి ఫోన్లో చెప్పాడు, ‘అమ్మా, ఏడుపు బాగా రావాలి, లేకపోతే జనం వేరే చానల్‌కి పోతారు’ అని. నిన్నటినుంచీ తంటాలు పడుతున్నాను, చుక్క రావట్లేదు. ఉల్లిపాయలు తరిగాను. రెండుపూటలకి సరిపడా కూరయింది గానీ కన్నీళ్ళు రాలేదు.”

“నేనిక ఎప్పటికీ రానని అనుకుని చూడు.”

“అదీ అనుకున్నాను.”

“ఆఁ?”

“నిద్ర పట్టేసింది.”

“మంచిదే.”

“అలా ముఖం పెట్టకండి. ఆ రంగుడబ్బా తీసి ఇలా ముఖం ముందు పట్టుకోండి. మీరు కెమెరా. నేను చెబుతాను, వినండి. ఊఁ... ‘ఏమండీ, మీరెక్కడున్నా వెంటనే ఇంటికి రండి...’”

“ఎక్కడున్నా ఏమిటి, ఇక్కడే ఉన్నాగా.”

“కెమెరా మాట్లాడదు! ‘మీరు లేక ఈ ఇల్లు...’ ఇల్లు ఏమైందనాలండీ?”

“బోసిపోయిందను.”

“బోసిపోవడమేమిటి, మీరుంటేనేగా ఇరుకు. ఆ నిచ్చెనా, ఆ డబ్బాలూ, ఆ బ్రష్షులూ. సరే, బోసిపోయిందనే అంటాను. వినడానికి బాగుంది.”

“ఎందుకే నీకింత టీవీ పిచ్చి?”

“మన పెళ్ళి ఫోటోల్లోనే నేను సరిగ్గా పడలేదు. తల దించుకున్నాను కదా, పాపిట పడింది. తర్వాత మీవాళ్ళ పెళ్ళిళ్ళు ఎన్ని, వీడియోలెన్ని! అన్నింట్లో నా చెయ్యే. గరిటె పట్టుకున్న చెయ్యి. మీ చెల్లెలి మనవరాలికి నేనెదురుపడితే తెలీదు, వడ్డిస్తే ‘అమ్మమ్మా’ అంటుంది.”

“మంచి చెయ్యే.”

“ఒక్కసారి ముఖం పడాలండీ. అంతే. చెయ్యి కాదు, ముఖం.”

“పడుతుందిలే. కళ్ళు మూసుకో, రెప్పల మీద చిన్న కోటు వెయ్యాలి. ఆఁ... అయిపోయింది.”

“అన్నట్టు, ఫోటో! చేతిలో మీ ఫోటో పట్టుకోమన్నారు. నేనిచ్చింది పెళ్ళినాటిది. దాంట్లో మీరు అచ్చం ఇప్పటి మీ తమ్ముడిలా ఉన్నారు. మొన్న ఆయన బస్సు దిగుతుంటే ఇద్దరు పట్టుకుని, ‘అమ్మా, దొరికాడు’ అని మనింటికి లాక్కొచ్చారు. నేనెంత చెప్పినా వినరే! ‘వద్దనకమ్మా, కోపాలుంటే తర్వాత చూసుకోండి’ అంటారు.”

“ఉంచేసుకోవాల్సింది.”

“ఛీ, మాటలు! లేవండి. ఇప్పుడే ఒకటి తీద్దాం నా ఫోన్లో. ఈ ఉతికిన చొక్కా తొడుక్కోండి. గోడకి ఆనుకోండి. నవ్వకండి.”

“తప్పిపోకముందు తీసినట్టుండాలా, తప్పిపోయాక తీసినట్టుండాలా?”

“తప్పిపోయాక ఎవరు తీస్తారు మీకు? ముందే. ఊఁ, ఇటు చూడండి... ఏమిటో మీ ముఖం తేడాగా ఉందే?”

“చూడు.”

“జుట్టు... కాదు. చిక్కిపోయారా?”

“చూడు. బాగా చూడు.”

“మీసం! మీసం ఏదండీ?”

“తీసేశాను.”

“అయ్యో నా రాత! వారం రోజులుగా టీవీలో ‘దట్టమైన మీసం’ అని చెప్పిస్తున్నానే! ఇప్పుడు తప్పిపోయిన మనిషికి మీసం లేదంటే నా పరువేం కాను?”

“అందుకే నన్నెవరూ పట్టుకోలేదు. ఒక టీకొట్లో కూర్చుని నా గురించి నేనే విన్నాను. ‘ఆ తప్పిపోయింది నేనే’ అన్నాను. కొట్టాయన నన్ను చూశాడు, టీవీ చూశాడు. ‘నీకు మీసమేదయ్యా? పాపం ఎవరో పెద్దమనిషి కనపడక ఆ ఇల్లాలు అల్లాడుతుంటే నీకు వేళాకోళమా’ అని సగం తాగిన గ్లాసు లాక్కున్నాడు.”

“ఇలా రండి. కాటుకతో గీస్తాను.”

“ఏమిటీ?”

“కదలకండి. పైపెదవి బిగించండి. అదీ... ఎడమవైపు కాస్త ఎక్కువైంది. కుడివైపూ పెంచుతాను.”

“చాలు, చాలు! చెవుల్లోకి పోతోంది.”

“దట్టమైనదని చెప్పానుగా. ఆఁ, ఇప్పుడు మీరు మీలా ఉన్నారు. అయినా పారిపోయేవాళ్ళు మీసం తీసుకోవాలని ఎవరు నేర్పారు మీకు?”

“పారిపోవడానికి తియ్యలేదు.”

“మరి?”

“అప్పటికి ఇంకా ఇంట్లోనే ఉన్నా.”

“ఎప్పుడు?”

“ఆదివారం పొద్దున్న. పెరట్లో, ఈ గదిలో అద్దమే తీసుకెళ్ళి పెట్టుకుని. ముప్పై ఏళ్ళ మీసం. తీసేసి వచ్చి నీకెదురుగా కూర్చున్నాను. అన్నం పెట్టావు. నా ముఖంలోకే చూసి ‘ఉప్పు సరిపోయిందా’ అన్నావు. రాత్రీ పెట్టావు. మర్నాడూ పెట్టావు.”

“మర్నాడు కూడా చూడలేదా నేను?”

“ఇంట్లో ఉన్నదే ఇద్దరం.”

“అంటే... మీరు వెళ్ళింది అందుకా?”

“కోపంతో కాదే. మీసం లేనిది కనపడలేదు కదా, మనిషి లేనిదైనా కనపడుతుందేమో చూద్దామనుకున్నా. నేను లేనని నీకెప్పుడు తెలిసింది?”

“వెంటనే!”

“నిజం చెప్పు.”

“శుక్రవారం. అన్నం మిగిలిపోతోంటే... ఎందుకు మిగులుతోందా అని...”

“ఊఁ.”

“మీరు పనిమీద పొరుగూళ్ళు వెళ్తుంటారు కదండీ, అలా వెళ్ళుంటారనుకున్నా. ఎందుకలా చూస్తారు? ఇప్పుడు చూశానుగా! గీశానుగా!”

“గీశావులే. బాగా గీశావు. ఉండు, నీ కుడికన్ను దగ్గర కాస్త చెదిరింది. సరిచేస్తా. ఆఁ. ఇక బ్రహ్మాండం. కెమెరా నిన్ను వదలదు.”

“నిజంగానా?”

“నిజంగా. పెరటి తలుపు తీస్తున్నా, చేతులు కడుక్కొస్తాను.”

“త్వరగా రండి, వాళ్ళొచ్చే వేళయింది. వచ్చి అటకెక్కి కూర్చోండి. తుమ్మొస్తే గుడ్డ కుక్కుకోండి. వింటున్నారా? గాజులు ఎర్రవా, నల్లవా? ఏమండీ, గాజులు మీరేం చెప్పలేదు... చేతులు కడగడానికి ఇంతసేపా? నీళ్ళ చప్పుడు కూడా లేదే... ఏమండీ? పెరటి గేటెందుకు తీసుంది? ఏమండీ!”

“అమ్మా, తలుపు తీయండి! టీవీ నుంచి వచ్చాం. అమ్మా!”

“తప్పుకో బాబూ, తప్పుకో! నేను వీధిలోకెళ్ళాలి. ఇటుగా ఎవరైనా వెళ్ళారా?”

“ఎవరమ్మా?”

“మా ఆయన!”

“అయ్యో, ఏడవకండమ్మా, ఇప్పుడే ఏడవకండి! కెమెరా ఇంకా వ్యాన్‌లోనే ఉంది. కాస్త ఆపుకోండి.”

“ఆగడం లేదయ్యా! నువ్వు అడ్డం లే.”

“మేకప్పంతా కారిపోతోంది! ఎంత చక్కగా వేయించుకున్నారు... ఒరేయ్, కెమెరా పట్రా, పరిగెత్తు! అమ్మా, గోడ దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. మీ ముఖం పూర్తిగా పడేలా పెట్టిస్తాను.”

“నా ముఖమెందుకయ్యా? ఆయన్ని చూపించు! ఆయన ఎలా ఉంటారో నేను చెబుతా, రాసుకో.”

“మా దగ్గరుందమ్మా. దట్టమైన మీసం...”

“మీసం లేదు. కాటుకతో గీసింది, చెమట పడితే పోతుంది. ఎడమ చెవి వెనక తెల్లరంగు చుక్క ఉంటుంది. చొక్కాకి రెండో బొత్తం లేదు, అది నేను కుట్టలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి బాబూ, ఇందాకే చూశాను.”

“ఇందాకేమిటమ్మా? ఆయన వెళ్ళిపోయి పది రోజులన్నారు!”

“ఆ వెళ్ళిపోయినాయన పొద్దున్నే వచ్చేశారు బాబూ. నాకు ఇందాక వెళ్ళినాయన కావాలి.”