మొంబాసా నుంచి తిరిగొచ్చిన పీటలు

గంగులయ్యన్న చెక్కను సరిగా వేడిచేయలేదు, అందుకే సరుకు వెనక్కి వచ్చిందని నీకు చెప్పినవాళ్లలో, ఆ పొద్దు ఈ గోడౌన్‌లో ఉన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా వదినా? జిలానీ బాషానా? వాడు ఆ నెలంతా సెలవు మీద రాయచోటిలో ఉన్నాడే! మరి వాడికెట్లా తెలిసింది?

కూర్చో. ఫహాహీల్ నుంచి దజీజ్ దాకా బస్సులు మారి వచ్చినావు. నువ్వు పనిచేసే ఇంటి మామా, ఆ యజమానురాలు, పొద్దుగూకేలోపు రమ్మనింటాది. నీకు కావలసింది ఒక్క కాగితం, అంతే కదా? నీ మొగుని తప్పు లేదని రుజువు. అది లేకుంటే కొత్త కఫీల్, ఆయన్ను పనికి పెట్టుకునే సేటు, వీసా తీయనంటున్నాడు.

చెప్తా. తొందరపెట్టాకు.

నూనె ఒక్కటే అమ్ముకుంటే ఎన్నాళ్లని ఈ చిన్న కువైట్ దేశానికి బెంగ. మా కఫీల్‌కు అంతకన్నా బెంగ. బస్రాకు లారీల్లో ప్లాస్టిక్ డబ్బాలు పంపి పంపి, ఆఫ్రికా బేరం పట్టినాడు. ‘మొంబాసాకు మా తొలి ఎగుమతి’ అని బ్యానరు కట్టించినాడు. అందులో నా ఫోటో కూడా ఉండె. నవ్వాకు వదినా, నాకే సిగ్గుగా ఉంది.

కొత్త ఊరు, కొత్త నియమం. సరుకు కింద పెట్టే చెక్కపీటల్లో పురుగు ఉండకూడదు. వేడిగదిలో పెట్టి, చెక్క లోపలిదాకా యాభై ఆరు డిగ్రీలు అరగంట తగలనిచ్చి, అప్పుడు ముద్ర వేయాల. గది గంగులయ్యన్నది. ముద్ర నాది.

ఓడ ఎక్కించేముందు రోజు అన్న వచ్చినాడు. “హీటరు చచ్చింది సామీ. ఈ పొద్దు ముద్ర ఎయ్యాకు. పుస్తకాలు చదివేటోనివి, చెక్కకు జరమొచ్చిందో లేదో నీకేం ఎరుక?” అని నవ్వినాడు కూడా.

మేనేజరేమో ఫోను మీద ఫోను. యల్లా, యల్లా! నేనేమనుకున్నానో తెలుసా? ఎండాకాలమంతా కువైట్ ఎండలో మాడిన చెక్క, దీనికి ఇంకేం వేడి కావాలని. ఆ ఎండ పైపైనే తగిలింది వదినా. లోపల పురుగు హాయిగా బతికే ఉంది.

సరుకు వెనక్కి వచ్చింది. నివేదిక రాయమన్నారు. ఎవరిని? ఇంగ్లీషు బాగా వచ్చు కదా, నన్నే. ‘గది కార్మికుని నిర్లక్ష్యం.’ ఆ మాట నాదే. పాత శాసనాలు చదివి, గెలిచినవాడు తనకు నచ్చినట్టు చెక్కించుకున్నాడని ఎగతాళి చేసే మనిషిని నేను!

అన్న అందులో ఏముందని కూడా అడగలేదు. “నువ్వు రాసినావు కదా సామీ” అని సంతకం పెట్టినాడు. వారంలో ఇఖామా రద్దు, ఈ దేశంలో ఉండే అనుమతే పాయె; ఊరికి పంపేసినారు, ఖలాస్.

ఏడవాకు. తిట్టు, పడతా. ఇదో, ఇది తీసుకుపో. గదిలో వేడిని యంత్రం గంటగంటకూ అచ్చువేసిన చీటీ. నివేదికకు జతచేయాల్సింది, నేనే దాచినా. కింద ముద్ర రిజిస్టరు నకలు. దీంతో నా పని పోతుంది, పోనీ. ఆ కొత్త కఫీల్ నమ్మకపోతే నువ్వే చదివి వినిపించు:

2024 ఫిబ్రవరి 6, మంగళవారం. పొద్దున ఎనిమిదికి గదిలో పందొమ్మిది డిగ్రీలు. మధ్యాహ్నం రెండుకు ఇరవై ఒకటి. రెండున్నరకు నూటఇరవై పీటలకు ముద్ర వేసినవాడు, నాగేంద్రప్రసాద్.