మూడు వందల మంది వేణుమాధవ్‌లు

మొదటి షిఫ్టు వదిలే వేళకు వేణుమాధవ్ హైదరాబాద్ నుంచి వచ్చి కూర్చున్నాడంటే, గోదావరిఖనిలో మల్లక్క చాయ్ హోటల్‌కు ఆ పూట పాలు చాలవు. బొగ్గుబాయిలో పనిచేసే లింగమూర్తి కొడుకు వాడు. దేశదేశాల్లో ఆఫీసులున్న ఓ కంప్యూటర్ కంపెనీలో చేరి రెండేళ్లయింది. ఉద్యోగం నిజం. వాడు చెప్పే మిగతా కబుర్లలో ఎంత నిజమో ఎవరూ ఆరా తీయలేదు. వింటుంటే బాగుంటుంది, అంతే.

2007 ఎండాకాలంలో ఆ రోజు మాత్రం ఆమోసు సరదాకి రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు ల్యాంపు రూములో కూర్చుని, బాయి దిగేవాళ్లకు దీపమూ నంబరు వేసిన ఇత్తడి బిళ్లా ఇచ్చి, పైకి వచ్చాక తిరిగి తీసుకుని, ఈమధ్యే రిటైరయ్యాడు. కూతురు శాలినికి వేణుమాధవ్ కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది. చేరేదీ లేనిదీ సాయంత్రంలోగా చెప్పాలి. పిల్ల కాలు నిలవకుండా ఉంది. భార్య యేసమ్మ "నువ్వు ఊ అంటే నేను ఊ అంట" అని తప్పుకుంది. ఆమోసుకే గుండెలో గుబులు. అంత పెద్దచోట తన పిల్లను ఎవరు పట్టించుకుంటారు?

"ఎట్లుంటది బిడ్డా మీ కంపెనీ?" అన్నాడు.

అడిగిందే పాపం. వేణుమాధవ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఎట్లుంటదా! మొదటి దినం సంగతి చెప్త, విను కాకా. మెడల కార్డు ఒకటి ఏసిండ్రు. పొద్దుగాల్ల పోయిన, పని చేసిన, సాయంత్రం బయటికొచ్చేటప్పుడు మా బాపు బాయి కాడ బిళ్ల ఇచ్చినట్టు, ఆ కార్డు తీసి గేటు కాడ సెక్యూరిటాయన చేతుల పెట్టిన. మనకు అలవాటాయె!"

"ఇయ్యాలె మరి," అన్నాడు ఆమోసు. అందులో తప్పేముందో ఆయనకు అర్థం కాలేదు.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? తెల్లారి పోతే గేటు కాడ ఇంకొకాయన ఉన్నడు. కార్డేదన్నడు, లేదన్న. ఓహో కొత్తగ చేరినవా అని, కొత్త కార్డు, కొత్త కుర్చీ, కొత్త కంప్యూటర్ ఇచ్చిండు. సాయంత్రం అది గూడ ఇచ్చిన. మర్నాడు మళ్ల కొత్త కార్డు! గట్ల ఏడాది తిరిగేసరికి కంపెనీల మూడు వందల మంది వేణుమాధవ్‌లు తయారైండ్రు, అందరం నేనే! ప్రపంచంల గింత జల్ది పెరిగే కంపెనీ ఇంకోటి లేదని పేపర్లల్ల పడ్డది. పెరగదా మరి? నేను దినామూ చేరుతనే ఉంటి!"

"మరి గంతమంది ఏడ కూసున్నరు?" అన్నాడు ఆటో నడిపే నర్సింగం.

"అగో, బావ మంచిగడిగిండు. నా కుర్చీలకే బిల్డింగు చాలలే. నేను లిఫ్టెక్కినప్పుడు పై అంతస్తు ఎనిమిదోది, దిగేసరికి పదోది! మా కాడ పొద్దుగూకుడే లేదు. మేం సగం చేసి ఇంటికి పోతం, ఆ పని సముద్రం అవతలోళ్లు అందుకుంటరు, వాళ్లు పండేసరికి ఇంకో దేశమోళ్లు. ఒక్క పని భూమి చుట్టూ తిరిగి పొద్దుగాల్ల మళ్ల నా బల్ల మీదికొస్తది."

"మూడు షిఫ్టులు మనకు లేవా?" అన్నాడు నర్సింగం.

"మీయి మూడు షిఫ్టులు ఒక్క బాయిల బావా. మాయి మూడు దేశాలల్ల."

 ఆమోసుకు భూమంతా ఒక్క బాయి అయినట్టు, ఒక షిఫ్టు ఎక్కుతుంటే ఇంకో షిఫ్టు దిగుతున్నట్టు అనిపించింది. తన పిల్ల అందులో! ఎంత గొప్ప! అనుకున్న మరుక్షణమే భయం రెండింతలైంది.

"ఇంకేం, మా పెద్దసారు ఇమానమెక్కి వచ్చిండు. మూడు వందల మందిది ఒక్కటే పేరు, అందరు బాగ చేస్తున్నరు, జర చూపియ్యుండ్రి అన్నడు. హాలుల మూడు వందల కుర్చీలు ఏసిండ్రు. నేను మొదటి కుర్చీల కూసున్న. ఆయన నాకు చెయ్యి కలిపి పక్కకు తిరిగేలోపల రెండో కుర్చీల నేనే! మూడో దాంట్ల నేనే! మూడు వందల సార్లు కలిపిండు. ఆయన చెయ్యి పూరీ తీర్గ పొంగింది, నాకేం కాలే. గింత పోలిక ఏందయ్యా అంటే, అన్నదమ్ములం సార్ అన్న. ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. గంతమందిని కన్న తల్లి ఎవలని, మా అమ్మ ఫోటో తెప్పిచ్చి తలుపంత పెద్దగ చేపిచ్చి ఆఫీసు ముంగట పెట్టిచ్చిండు!"

"మీ అమ్మ జమునక్కకు ఎరికేనా, గంతమందిని కన్నట్టు?" అంది మల్లక్క, చాయ్ వడపోస్తూ. హోటలంతా గొల్లుమంది.

ఆమోసు నవ్వలేదు.

"బిడ్డా, షిఫ్టు వదిలినంక బిళ్లలు తగిలిచ్చే మా పలక మీద ఒక్క మేకు ఖాళీగున్నా, బిళ్ల రాలేదంటే మనిషి లోపలున్నట్టే. దొరికేదాంక నేను ఇంటికి పోకపోతుంటి. మీ కాడ ఒక్క పిల్ల కనవడకుంటే ఎవలకన్న తెలుస్తదా?"

"తెల్వకేంది కాకా! అడుగడుగుకు కెమెరాలు. చీమ జొచ్చినా లెక్కనే, ఎల్లినా లెక్కనే!"

"చీమను లెక్కవెట్టే కంపెనీ, ఒక్క నిన్ను మూడు వందల మంది అనుకున్నదా?" ఆమోసు గొంతు పెద్దది చేయలేదు. "రెండిట్ల ఒకటే నిజమైతది. నీ కత నిజమైతే నా పిల్లను పంప. ఇయ్యాల చెప్పాలె నేను."

 ఆ హోటల్లో వేణుమాధవ్ తన మాట ఒక్కటి కూడా వెనక్కి తీసుకోలేదు ఇంతవరకు. ఇప్పుడు మాత్రం వాడు ఆమోసు ముఖం చూసి తల దించుకున్నాడు.

"అబద్ధం కాకా. మొదటి దినం కార్డిచ్చింది ఒక్కటే నిజం. తెల్లారి కార్డు లేదని గేటు కాడ నిలవెట్టిండ్రు. ఎవ్వలు ఎరికలేరు, ఫోన్ లేదు. ఏడుపొచ్చింది. బస్సెక్కి ఇంటికొద్దామనుకున్న. గంటయినంక మా టీం లీడరు, రమ మేడం, ఆరో అంతస్తు నుంచి కిందికొచ్చింది. నా కాడ ఒక కుర్చీ ఖాళీగుంది, మనిషేడి అని గేటోళ్లను అడిగింది."

"ఆరంతస్తులు దిగొచ్చిందా?"

"లిఫ్టుల కాకా. నిజం చెప్తున్న గద."

 వేలమంది ఉన్నచోట ఒక్క కుర్చీ ఖాళీగా ఉందని ఒక మనిషి కిందికి దిగి వచ్చింది. అంతవరకు విన్న వింతలన్నిటికంటే ఆమోసుకు అదే పెద్ద వింతగా తోచింది.

నర్సింగం వేణుమాధవ్ వీపు మీద చరిచాడు. "ఒక్క మాటకే రెండు వందల తొంభై తొమ్మిది మంది పాయె గదరా!"

"మిగిలినోడు చాలు," అన్నాడు ఆమోసు లేస్తూ. "బిడ్డా, సోమవారం మా శాలిని వస్తది. గేటు కాడ ఉంటవా?"

"ఉంట కాకా," అన్నాడు వేణుమాధవ్, ఇంకో మాట కలపకుండా.