వంతెన వైపు తిరిగి పిలిచిన రావుగారు

శ్రీ జనార్ధనరావు గారు రెండువేల మూడు నవంబరు మూడవ తేదీ, సోమవారం నాడు లార్చ్‌ఫీల్డ్ కౌంటీ కోర్టులో క్లర్కుగా బాధ్యతలు స్వీకరించారు. అంతకుముందు టొరంటో శివారు ఎటోబికోలో ఒక గోడౌనులో రాత్రి డ్యూటీలు చేస్తూ, పగలు చదువుకుని పరీక్ష గట్టెక్కినవారు. ఈ నెలాఖరున సూపర్‌వైజరు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. నిజానికి నిరుడే వెళ్లవలసినవారు. ఈ కోర్టును మూసి పట్నం కోర్టులో కలిపేస్తారని వినగానే, అదేదో తేలేదాకా కదలనని ఉండిపోయారు. వారి సతీమణి జానకమ్మ గారి కోరిక మీద, ఇదే కోర్టులో వారితో పనిచేసే నేను మా వీడ్కోలు సంచికలో ఈ ఒక్క పేజీ తెలుగులో రాస్తున్నాను.

మా కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, రాజధాని శివారు కనాటా దాటి పడమటికి గంటన్నర ప్రయాణం. ఉత్తరాన రాతినేల, అడవి, సరస్సులు. దక్షిణాన చదును నేల, మొక్కజొన్న, పాడి. మధ్యన నది. కోర్టు మా ఊళ్లో ఉండాలంటే మా ఊళ్లో ఉండాలని వెనకటి రోజుల్లో కలప కొట్టేవారూ రైతులూ తగవుపడి, చివరికి ఎవరి ఊరూ కాని వంతెన మొగదల దీన్ని కట్టారు. అప్పటి నుంచీ ఇక్కడ ఒక ఆచారం ఉంది. కేసుకు రావలసిన మనిషి రాకపోతే, క్లర్కు బయట మెట్ల మీదికి వచ్చి, వంతెన వైపు తిరిగి, పేరు పెట్టి పిలవాలి. వంతెన మీద బండి కనబడితే జడ్జిగారు ఆగుతారు.

మొదటి శీతాకాలం రావుగారు చలికి జడిసి లోపల హాల్లోనే పిలిచి ఊరుకున్నారు. మంచు తీసే బండి వెనకాల మెల్లగా వస్తున్న ఒక పాడిరైతు ముసలావిడ కేసు కొట్టేశారు. ఆవిడ కౌంటరు దగ్గరికొచ్చి నిలబడింది.

"నన్ను పిలిచావా?"

"పిలిచానమ్మా."

"బయటికొచ్చి పిలిచావా?"

రావుగారు తలవంచుకున్నారు. తామే జడ్జిగారి ఎదుట పొరపాటు ఒప్పుకుని ఆ కేసు మళ్లీ తెరిపించారు. ఆ తర్వాత ఏ చలీ వారిని లోపల ఆపలేదు. సెలవు రోజుల్లో కారేసుకుని, ఏ రోడ్డు ఎప్పుడు మునుగుతుందో కళ్లారా చూసి వచ్చేవారు.

నిరుడు ఏప్రిల్లో కోర్టు మూసివేతపై కోర్టు హాల్లోనే సభ పెట్టారు. టొరంటో నుంచి ఇద్దరు అధికారులు రావాలి. మ్యాపులో పట్నం దగ్గరే కదా అన్నది వారి వాదన. "ఒక్కసారి ఉత్తరపు రోడ్డున రండి మేడమ్, మా జనం వచ్చే దారి అదే" అని రావుగారు ముందురోజే వారిలో ఒకావిడకు ఫోనులో చెప్పారు. మంచు కరిగి నది పొంగుతున్న రోజులు. టైము దాటినా వారు రాలేదు.

"మొదలెట్టేద్దాం! వాళ్లు లేకపోతేనే మనకి మంచిది" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు.

"పిలవకుండా ఎలా మొదలెడతాం?" అని రావుగారు లేచారు.

"వానండీ. గొడుగు తెస్తాను" అన్నాను.

"గొడుగు పట్టుకుంటే గొంతు లేవదు మావయ్యా!" అన్నారు. వరస లేకపోయినా నన్ను అలాగే పిలుస్తారు.

మెట్ల మీద తడుస్తూనే ఇద్దరి పేర్లూ పిలిచారు. సభంతా ఆగింది. చాలాసేపటికి బురదకొట్టుకున్న కారొకటి వంతెన దాటి వచ్చింది.

"మా కోసం ఆగారా?" అని ఆ మేడమ్ ఆశ్చర్యపోయారు.

"ఇక్కడ అందరి కోసం ఆగుతాం. పట్నంలో అన్ని కేసుల మధ్య ఎవరి కోసం ఆగగలరు చెప్పండి? వాళ్ల తప్పు కాదది" అన్నారు రావుగారు.

ఆవిడ బూట్ల బురద దులుపుకుని లోపలికి నడిచారు.

ఈ జనవరిలో ఉత్తర్వు వచ్చింది. కోర్టు ఇక్కడే ఉంటుంది. వారానికి మూడు రోజులే. చాలు.

"ఇక నేను వెళ్లొచ్చు మావయ్యా" అన్నారు రావుగారు.

"వెళ్లండి" అన్నాను.

మార్కమ్‌లో కూతురు అనన్య దగ్గరికి వెళ్లిపోతారేమో అనుకున్నాం. లేదట, ఇక్కడే ఉంటారట. సంతోషం. సహధర్మచారిణి జానకమ్మ గారితో కూడి, మోకాళ్లు సతాయించకుండా, కంటిచూపు తగ్గకుండా, మనవల పెళ్లిళ్లలో ముందు వరసన కూర్చునేటంత దీర్ఘాయువుతో శ్రీ జనార్ధనరావు గారు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. కోర్టు నిలిచింది. దాన్ని నిలిపినవారు మా కళ్లెదుట చల్లగా ఉండాలి.