సొరంగంలోకి రెండు టీలు

మాచ్‌ఖండ్ దాటాక కొండల్లో ఓ చిన్న కరెంటు ప్రాజెక్టు, దాని నీటిగేటు గది. బయట చినుకులు, గోడ గడియారంలో మూడున్నర. గేటు ఆపరేటరు నరేంద్ర గొలుసులకు గ్రీజు పూసి అప్పుడే లోపలికొచ్చాడు. టీ పాక వరహాలమ్మ క్యాను బల్ల మీద పెట్టి, పాత నల్ల ఫోను పక్కన కదలకుండా నిలబడి ఉంది. ఇక వాళ్ళ మాటలే వినండి.

“రెండంటే రెండేనా?”

“రెండే అన్నాడు బాబూ. నాకేటి సెవుడా?”

“ఎవరన్నారు పిన్నీ? ఎక్కణ్ణించి?”

“ఇదిగో, ఇందులోంచే. సొరంగం ఫోను. నువ్వు బయట గొలుసుల కాడున్నావు. మోగింది, ఎత్తేను.”

“పని అయిపోయిందని ఆ ఫోను తీగ పీకీసి గంటన్నరయింది. అదిగో, సుట్ట సుట్టి బల్ల కింద పడేసేను. సూడు.”

“సూసేను.”

“సూసి కూడా మోగిందంటావా?”

“ఏటా మోగుతాది. వేసంగిలో నీళ్ళాపి, సొరంగం కడిగి, తీగ సుట్టీసేక ఒకపాలి మోగుతాది. ‘వరాలూ, ఒక టీ’ అంతాడు. నాను గేటు మెట్టు మీద ఒక గ్లాసు ఎట్టి ఎలిపోతాను. తొమ్మిదేళ్ళ నుంచి ఇదే. ఎవులినైనా ఇబ్బంది ఎట్టేనా?”

“లేదు. సొరంగంలో పోయిన మీ ఆయన, భీమారావు బాబాయి పేరు సెప్పి నువ్వు టీ పెడితే ఎవరేటన్నారు? ఎవరూ నవ్వలేదు గదా.”

“నవ్వేరు. నవ్వుకోండి, పర్లేదు. కానీ ఈయేల ఒకటి కాదు. ‘వరాలూ, రెండు టీలు’ అన్నాడు.”

“పోనీ రెండు గ్లాసులు పెట్టు. నాకు పనుంది. నాలుక్కి గేటెత్తి సొరంగంలోకి నీళ్ళొదలాలి.”

“నాలుక్కా? అయిదుకి గదా. నువ్వు నాలుక్కి డ్యూటీ దిగిపోతే, అయిదుకి సాయంత్రం షిఫ్టువోడు ఎత్తుతాడని పొద్దున్న అందరికీ సెప్పేరు.”

“పెద్దసారు ముందుకి జరిపీసేరు. ఇందాకే ఫోనొచ్చింది. కరెంటు సాలట్లేదంట, సాయంత్రానికి మిషన్లు తిరగాలంట. నేనే ఎత్తీసి దిగిపోతాను.”

“నరేంద్రా, లోన ఎవులో ఉన్నారు.”

“ఎవరూ లేరు. బోర్డు సూడు. పొద్దున్న ఆరుగురు దిగేరు, ఆరు ఇత్తడి బిళ్ళలూ మేకులకి ఉన్నాయి. దిగేటప్పుడు మెళ్ళో ఏసుకుంటారు, బయటికొచ్చేక ఇక్కడ తగిలిస్తారు. ఆరూ ఉన్నాయంటే సొరంగం ఖాళీ. నాకు రూలు సెప్తావేటి నువ్వు?”

“బిళ్ళలు సూసేవు. మొకాలు సూసేవా?”

“సూసేను.”

“ఆరు మొకాలూ?”

“టీ పొయ్యి పిన్నీ, తల బద్దలైపోతంది.”

“ఆరు మొకాలూ సూసేవా అని అడిగేను.”

“అయిదు.”

“ఆరోది?”

“అసిరయ్యది. వాడి బిళ్ళ కన్నయ్య తెచ్చి తగిలించేడు. ‘అసిరయ్యకి తొందర, అడ్డదారిన ఇంటికెలిపోయేడు’ అన్నాడు. సంత రోజు గదా, అందరికీ తొందరే. ఒకడి బిళ్ళ ఇంకొకడు తేవడం ఈయేల కొత్తా? అందరూ సేసేదే.”

“అందరూ సేసేదే. మా ఆయనా సేసేడు.”

“ఇప్పుడదెందుకు పిన్నీ.”

“ఆయేల ఆయన బిళ్ళ ఈ మేకుకి ఎవులు తగిలించేరో తెలుసా నీకు?”

“తేల్లేదు గదా. ఎంక్వైరీకొచ్చినవోళ్ళు వారం రోజులు అడిగి, తేల్లేదని రాసుకొని ఎలిపోయేరంట. నాన్న సెప్పేవోడు.”

“నానే.”

“ఏటి?”

“నానే తగిలించేను. పాక కాడికొచ్చి టీ తాగేడు. బిళ్ళ నా సేతిలో ఎట్టి, ‘వరాలూ, ఇది తగిలించీ, ఇంటికెలతన్నాను’ అన్నాడు. తగిలించేను. సద్దిగిన్నె మర్సిపోయేనని ఆయన సగం దారిలోంచి మళ్ళీ లోనకెల్లేడు. నాకేటి తెలుసు? గేటెత్తీసేరు. ఆయన తాగిన గ్లాసు అప్పటికింకా కడగనేదు నాను.”

“పిన్నీ…”

“తొమ్మిదేళ్ళు ఎవులికీ సెప్పనేదు. కడుపులో ఎట్టుకున్నాను. నీకే సెప్పేను. మొకం సూడకుండా ఎత్తకు బాబూ. అంతే, ఇంకేటీ అడగను.”

“సూడాలంటే కిందకి దిగాలి. ట్రాలీ నడిపేవోడు సంతకెలిపోయేడు.”

“మెట్లున్నాయి. నాను దిగుతాను.”

“ఏడొందల మెట్లు. వాన. నీ మోకాళ్ళతో నువ్వా?”

“పోనీ మీ తమ్ముణ్ణి పిలు, కుర్రోడు గబగబా దిగుతాడు. అవునూ, మోహిత్ ఈయేల కనపళ్ళేదేటి? రోజూ పదికల్లా పాకలో ఉంతాడు. ఈ కాలనీ మొత్తానికి మిరియాల టీ తాగేది ఆడొక్కడే. ఆడి కోసం దంచిన మిరియాలు అలాగే ఉండిపోయేయి.”

“వాడు రాయగడ ఎళ్ళేడు. ఇంటర్వ్యూ. తెల్లారుగట్ల బస్సుకే ఎలిపోయేడు.”

“నీకు సెప్పి ఎల్లేడా?”

“సీటీ రాసి ఎళ్ళేడు. మాటల్లేవు మాకు. రాత్రి నేనే నోరు జారేను. డిప్లొమా సదివి రెండేళ్ళు నీ పాక బల్ల మీద కూకున్నాడు. ‘సొంతంగా ఒక రోజు కూలి తెచ్చి సూపించు, అందాకా నా కళ్ళ బడకు’ అన్నాను.”

“అలాగన్నావా?”

“అన్నాను. అన్నకాణ్ణించి నాకు మనసు బాగోలేదు. పొద్దున్న నుంచి సేస్తన్నాను, ఫోను స్విచాఫ్.”

“వస్తాడులే. ఆడి కోపం ఎంతసేపు? ముందు అసిరయ్యకి సెయ్యి.”

“ఉండు, పెద్దసారు ఫోను… హలో సార్. జీ సార్. ఆల్ క్లియర్ సార్. ఒక్క బిళ్ళ సంగతి సార్, కొంచెం… నహీ సార్. హో జాయేగా సార్. నాలుక్కి ఎత్తీస్తాను సార్.”

“ఆల్ క్లియర్ అన్నీసేవు.”

“మరేటనమంటావు? తీగ లేని ఫోన్లో పోయినాయన టీ అడిగేడు సార్, అందుకని గేటెత్తను అనమంటావా?”

“ఈ కొండల్లో దేశియావోళ్ళు పోయినోళ్ళని డుమా అంతారు. డుమాకి అబద్ధమాడ్డం రాదంతారు.”

“నన్ను బయపెట్టకు పిన్నీ. ఇదిగో, అసిరయ్యకి సేస్తన్నాను. స్పీకర్లో పెడతాను, నీ సెవుల్తో నువ్వే ఇను.”

“హలో. ఎవరు?”

“కుంతీ, నేను గేటు కాడ నరేంద్రని. మీ ఆయన ఇంట్లో ఉన్నాడా?”

“ఎందుకన్నా?”

“ఉన్నాడా లేడా, అది సెప్పు సాలు.”

“ఉన్నాడు. పడుకున్నాడు. జొరం.”

“ఒకపాలి ఇయ్యి. మాట్లాడాలి.”

“లెగనేడన్నా. రాత్రి నుంచి…”

“లెగక్కర్లేదు. ఫోను సెవి కాడెట్టు. హలో అంటే సాలు.”

“…హలో. అన్నా, నానే. అసిరయ్యని.”

“ఇంట్లోనే ఉన్నావా?”

“ఇంట్లోనే. మంచం మీద.”

“బతికించేవురా నాయనా. పడుకో, పడుకో.”

“అన్నా, నీకొక మాట సెప్పాల…”

“తర్వాత సెప్పు, ఇక్కడ టైమైపోయింది. పెట్టీస్తన్నాను. ఇన్నావా పిన్నీ? ఆరోవోడు మంచం మీదున్నాడు. సొరంగంలో కాదు. ఇంక మనసు కుదుటపడిందా?”

“పడాలి మరి.”

“సైరను ఏస్తన్నాను. సెవులు మూసుకో.”

“సైరను లోనకి ఇనపడదు. ఆయేలా ఇనపళ్ళేదు.”

“లోన ఎవరూ లేరని ఇప్పుడే గదా ఇన్నావు. నాలుగు కొట్టింది. ఇదిగో, లెగుతంది గేటు. నీళ్ళ సప్పుడు ఇనపడతందా? అయిపోయింది. ఇంక నాకూ ఒక గ్లాసు పొయ్యి.”

“పోస్తన్నాను… కుంతి ఏటంది?”

“జొరం అంది.”

“దాని తర్వాత.”

“లెగలేడంది.”

“దాని తర్వాత. ‘రాత్రి నుంచి’ అంది. నువ్వు మాట మద్దిలో కోసీసేవు.”

“అంటే ఏటైంది?”

“రాత్రి నుంచి మంచం దిగనోడు, పొద్దున్న సొరంగంలోకి ఎలాగ దిగేడు?”

“నా ఫోనేదీ? అసిరయ్యకి మళ్ళీ సేస్తాను.”

“నరేంద్రా. ఆడి బిళ్ళ ఏసుకొని దిగిందెవులు?”

“ఉండు. ఉండు, మోగుతంది. అసిరయ్యా, పొద్దున్న దిగింది నువ్వు కాదా?”

“అదే సెప్పబోయేను అన్నా, నువ్వు పెట్టీసేవు. నాను కాదు. నాగా పడిపోతాదని, నా బదులు ఒకడు నా టోపీ మొకం మీదకి దించుకొని, నా బిళ్ళ ఏసుకొని దిగేడు. కూలి సెరి సగం.”

“ఎవడు?”

“పేరు సెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నాడన్నా.”

“ఎవడ్రా? గేటెత్తీసేన్రా నేను.”

“ఎత్తీసేవా? అయిదుకి గదా ఎత్తేది? అన్నా, ఆడు లోనే ఉన్నాడేమో అన్నా. నీ కంటబడతానని బయపడ్డాడు. అందుకే బిళ్ళ కన్నయ్య సేత పంపించీసేడు. నాలుక్కి నువ్వు డ్యూటీ దిగేదాకా లోపలే కూకోని, నువ్వెల్లేక బయటికొస్తానని… హలో? అన్నా? ఇనపడ…”

“హలో. హలో. సిగ్నలు పోయింది. పిన్నీ, నా కంటబడ్డానికి బయపడేవోడు ఎవడు? ఎవడుంటాడు?”

“గేటు దించు ముందు. గేటు దించు బాబూ.”

“దించుతన్నాను. దిగదు పిన్నీ, నీళ్ళ జోరుకి తొందరగా దిగదు, పావుగంట పడతాది. నీళ్ళు ఎలిపోయేయి. నీళ్ళు ఎప్పుడో ఎలిపోయేయి.”

“నరేంద్రా. ఫోను.”

“సిగ్నలు లేదన్నాను గదా.”

“నీది కాదు. నల్లది. మోగుతంది.”

“తీగ లేదు దానికి. ఎత్తకు.”

“ఎత్తాలి బాబూ.”

“ఎత్తకు పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటాను… ఏటంటన్నాడు? బాబాయి ఏటంటన్నాడు?”

“మీ బాబాయి కాదు బాబూ. ‘పిన్నీ, నా గ్లాసులో మిరియాలు ఎక్కువెయ్యి, అన్నకి మాత్రం సెప్పకు’ అంతన్నాడు.”